తరగతి గదిలో నకలు : గ్రంథస్వామ్య చరిత్రలో ఒక అధ్యాయము

పాత తెలుగు పుస్తకముల ముఖపత్రమును త్రిప్పి చూచినచో, ముద్రాక్షరశాల పేరుకు, వెలకు సమీపమున "సర్వస్వామ్యసంకలితము" అను మాట తరచుగా కనిపించును. ఈ పుస్తకముపై గల హక్కులన్నియు ఒకరికి చెందినవి, వారి అనుమతి లేనిదే ఇతరులు దీనిని మరల అచ్చువేయరాదు అని దాని భావము. ఈ మాటను ఉపాధ్యాయుడు ఎన్నోసార్లు చూచియే ఉండును. చూచియు, మరునాటి పాఠమునకై అదే పుస్తకములోని పటమును నల్లబల్లపై గీయును. ఒక పేరాను విద్యార్థులచే వ్రాయించును. ఒక లెక్కను పరీక్షలో ఇచ్చును.

ఇది తప్పా? తప్పు కాకున్నచో, ఎంతవరకు కాదు? బల్లపై గీచిన పటమునకు బదులు యంత్రముపై తీసిన 40 ప్రతులను తరగతిలో పంచినచో సంగతి మారునా? ఒక చలనచిత్రమును చూపినచో?

ఈ ప్రశ్నలకు మూడు వందల ఏండ్ల చరిత్ర ఉన్నది. నకలు తీయు సాధనము మారినప్పుడెల్ల అవి న్యాయస్థానముల ముందుకు మరల వచ్చినవి. నకలును నిషేధించు చట్టము, నకలుకు చోటిచ్చు మినహాయింపు ఈ రెండును ఒకే ప్రయోజనము పేరిట పుట్టినవని ఆ చరిత్రను పరిశీలించినచో తెలియును. ఆ ప్రయోజనము విద్య.

విద్య పేరిట వచ్చిన చట్టము

తాళపత్రముల కాలములో నకలు వ్రాయుట నేరము కాదు, పుణ్యకార్యము. ఆకు చిల్లులు పడి శిథిలము కాకముందే మరొక ప్రతి సిద్ధము కానిచో గ్రంథమే నశించెడిది. ఒక ప్రతి వ్రాయుటకు వారములో, నెలలో పట్టెడివి. కనుక నకలు వలన నష్టపోవువారు లేరు.

15వ శతాబ్ది మధ్యభాగమున ఐరోపాలో అచ్చుయంత్రము వచ్చుటతో స్థితి మారినది. ఒకసారి అక్షరములు కూర్చిన పిమ్మట వందలకొలది ప్రతులు తీయవచ్చును. అయితే కూర్పునకు, కాగితమునకు ముందుగా ధనము వెచ్చింపవలెను. ఒకడు వెచ్చించి అచ్చువేసిన పుస్తకమును వేరొకడు చౌకగా మరల అచ్చువేసినచో మొదటివాడు మునిగిపోవును. ఇంగ్లండులో 1557లో రాజశాసనము పొందిన స్టేషనర్స్ కంపెనీ అను వర్తక సంఘము ఈ వ్యాపారమును తన చేతిలో ఉంచుకొన్నది. అచ్చగు ప్రతి పుస్తకముపై కన్ను వేసి ఉంచుటకు ప్రభుత్వమునకు కూడ ఈ ఏర్పాటు అనుకూలముగా నుండెను. ఈ పద్ధతిలో గ్రంథకర్తకు గాని, చదువరికి గాని స్థానము లేదు. దీనికి ఆధారమైన లైసెన్సింగు చట్టము 1695లో గడువు తీరి పోయినది.

1710లో ఆన్ రాణి కాలమున బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టము కాపీరైటు అనబడు ఆధునిక గ్రంథస్వామ్యమునకు మొదటి మెట్టు. ఆ చట్టము పేరు "విద్యను ప్రోత్సహించుటకై" అను అర్థము గల మాటలతో ప్రారంభమగును. అది హక్కును గ్రంథకర్తకు ఇచ్చినది. కాని శాశ్వతముగా ఇయ్యలేదు. కొత్త పుస్తకమునకు 14 ఏండ్లు, ఆ గడువు ముగియునప్పటికి గ్రంథకర్త జీవించియున్నచో మరి 14 ఏండ్లు. అప్పటికే అచ్చయిన పుస్తకములకు 21 ఏండ్లు. అంతియే కాక, కొత్తగా అచ్చగు పుస్తకముల ప్రతులు తొమ్మిదింటిని నిర్ణీత గ్రంథాలయములకు ఈయవలెనని విధించినది.

గడువు ముగిసినను హక్కు తమదేనని లండను పుస్తక వ్యాపారులు చాలకాలము వాదించినారు. ఎడింబరో నగర వర్తకుడు అలెగ్జాండర్ డోనాల్డ్‌సన్ గడువు తీరిన పుస్తకములను చౌకగా అచ్చువేసి అమ్మినాడు. వివాదము ప్రభువుల సభ వరకు పోయినది. 1774లో ఆ సభ డోనాల్డ్‌సన్ పక్షమున తీర్పు చెప్పినది. గ్రంథస్వామ్యము ఒక ప్రయోజనమునకై, కొంత కాలమునకు చట్టము ఇచ్చిన హక్కు అను సూత్రము దీనితో స్థిరపడినది. 1787లో రచించిన అమెరికా రాజ్యాంగములో కూడ ఈ అధికారమును "సైన్సు" అభివృద్ధి కొరకు కాంగ్రెసుకు ఇచ్చినారు. ఆ కాలములో ఆ మాటకు జ్ఞానము, విద్య అని విస్తృతమైన అర్థము.

పాఠశాల గ్రంథాలయము కొరకు వ్రాసిన పుస్తకము

"ఫెయిర్ యూజ్", అనగా న్యాయమైన వినియోగము, అను సిద్ధాంతమునకు మూలముగా న్యాయవాదులు 1841 నాటి ఒక అమెరికా తీర్పును చూపుదురు. ఆ వ్యాజ్యము పాఠశాలల కొరకు వ్రాసిన పుస్తకమును గురించినదే.

జారెడ్ స్పార్క్స్ అను పండితుడు జార్జి వాషింగ్టన్ లేఖలను, రచనలను ఎన్నో ఏండ్లు శ్రమించి సేకరించి 12 సంపుటములుగా ప్రకటించినాడు. తరువాత చార్లెస్ అప్హామ్ అను రచయిత వాషింగ్టన్ చరిత్రను రెండు సంపుటములలో వ్రాసినాడు. పాఠశాల గ్రంథాలయములలో ఉంచదగిన పుస్తకముల వరుసలో అది ఒకటి. వాషింగ్టన్ కథను వీలైనంతవరకు ఆయన మాటలలోనే చెప్పింపవలెనని అప్హామ్ పద్ధతి. అందువలన ఆ పుస్తకములోని 866 పుటలలో 353 పుటలు స్పార్క్స్ సంపుటముల నుండి మాటకు మాటగా దిగినవి.

తీర్పు చెప్పిన న్యాయమూర్తి జోసెఫ్ స్టోరీ ఇట్టి విషయములు తేల్చుట కష్టమని ఒప్పుకొన్నాడు. తీసికొన్న భాగములు ఎట్టివి, ఏ ఉద్దేశముతో తీసికొన్నారు, ఎంత తీసికొన్నారు, తీసికొన్నదాని విలువ ఎంత, దాని వలన మూలగ్రంథము అమ్మకమునకు ఎంత దెబ్బ తగులును అను ప్రశ్నలు వేసి తూచవలెనని చెప్పినాడు. ఈ కొలతలతో తూచగా అప్హామ్ పక్షము ఓడినది. పాఠశాలలకు ఉపయోగించు ఒక మంచి పనికి ఈ తీర్పు అడ్డు తగులునేమో అని న్యాయమూర్తి విచారము కూడ వెలిబుచ్చినాడు.

విద్యకు ఉపయోగపడును అన్నంత మాత్రమున ప్రతి నకలు న్యాయము కాదని ఆ తీర్పు తెలిపినది. నకలు అయినంత మాత్రమున అన్యాయము కాదని కూడ అదే తెలిపినది.

బొంబాయి పాఠ్యగ్రంథము

మన దేశములో మొదటి గ్రంథస్వామ్య చట్టము ఈస్టిండియా కంపెనీ పాలనలో 1847లో వచ్చినది. 1914లో చేసిన చట్టము 1911 నాటి బ్రిటిష్ చట్టమును కొన్ని మార్పులతో ఇచ్చటకు తెచ్చినది. సొంత చదువు, పరిశోధన, విమర్శ వంటి పనులకు "ఫెయిర్ డీలింగ్", అనగా న్యాయమైన వ్యవహారము, అను మినహాయింపు దానిలో ఉన్నది. పాఠశాలల కొరకు కూర్చు సంకలనములలో ఇతరుల గ్రంథముల నుండి చిన్న భాగములను చేర్చుటకు కూడ వీలు కల్పించినారు. అయితే ఒక ప్రచురణకర్త ఒక గ్రంథకర్త రచనల నుండి అయిదేండ్లలో రెండు భాగములకు మించి తీసికొనరాదు.

ఈ చట్టము క్రింద వచ్చిన ప్రసిద్ధ వ్యాజ్యము కూడ విద్యార్థుల పుస్తకమును గురించినదే. గ్రీకు రచయిత ప్లూటార్కు వ్రాసిన అలెగ్జాండరు చరిత్రను సర్ థామస్ నార్త్ 16వ శతాబ్దిలో ఆంగ్లములోనికి తెచ్చినాడు. దానిని సంక్షేపించి, ఉపోద్ఘాతము, టిప్పణములు చేర్చి మాక్మిలన్ కంపెనీ పాఠశాలల కొరకు ప్రకటించినది. బొంబాయి విశ్వవిద్యాలయము ఆ చరిత్రను పరీక్షకు పాఠ్యగ్రంథముగా నిర్ణయించినది. బొంబాయిలోని కూపర్ అను ప్రచురణ సంస్థ దాదాపు అవే భాగములతో తన పుస్తకమును వెలువరించినది. మాక్మిలన్ వారు దావా వేసినారు. అది లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయినది. 1923లో తీర్పు వచ్చినది.

ఆ తీర్పు పుస్తకమును రెండుగా విడదీసి చూచినది. నార్త్ అనువాదము ఎప్పుడో ప్రజల సొత్తయినది. దాని నుండి కొన్ని వాక్యములను తొలగించి మిగిలినవి అచ్చువేసినంత మాత్రమున కొత్త గ్రంథము కాదు. కనుక ఆ భాగముపై మాక్మిలన్ వారికి హక్కు లేదు. టిప్పణముల సంగతి వేరు. విద్యార్థికి ఏ మాట తెలియదో ఊహించి, వెదకి, చక్కగా వివరించుటలో శ్రమ, నేర్పు, విచక్షణ ఉన్నవి. వానిపై హక్కు ఉన్నది. దానిని కూపర్ వారు భంగపరచినారు.

టిప్పణములు వ్రాయువారిలో ఉపాధ్యాయులే అధికము. గ్రంథస్వామ్యమును గురించి మాటలాడునప్పుడు ఉపాధ్యాయుని పుస్తకమును వాడుకొనువానిగానే భావించుట పరిపాటి. అతడు పుస్తకము వ్రాయువాడు కూడ. చట్టము అతనిని రెండువైపుల నుండి తాకును.

స్వాతంత్ర్యానంతరము పార్లమెంటు 1957లో మన సొంత చట్టమును చేసినది. అది 1958 జనవరి 21 నుండి అమలులోనికి వచ్చినది. ఏ పనులు గ్రంథస్వామ్య భంగము కావో దానిలోని 52వ సెక్షను వరుసగా చెప్పుచున్నది. బోధనా క్రమములో ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని తీసిన నకలు, పరీక్షలోని ప్రశ్నలు, వానికి వ్రాసిన సమాధానములు ఆ జాబితాలో ఉన్నవి. ఎన్ని పుటలు, ఎన్ని ప్రతులు అను లెక్క ఆ వాక్యములో లేదు. చట్టము చేసిననాడు ఇది ఎవరికిని పెద్ద లోటుగా తోచలేదు. చేతితో వ్రాయుటకు, సైక్లోస్టైలు తీయుటకు ఉండు శ్రమయే ఒక హద్దు. ఆ హద్దును చెరిపివేయు యంత్రము అప్పటికే అమెరికాలో తయారగుచుండెను.

నకలు వ్రాసి విసిగిన విద్యార్థి

చెస్టర్ కార్ల్‌సన్ అను అమెరికా యువకుడు భౌతికశాస్త్రములో పట్టము పొంది, న్యూయార్కులో ఒక కంపెనీ పేటెంటు శాఖలో పనిచేయుచుండెను. పేటెంటు పత్రముల నకళ్లు చాలినన్ని దొరకక అచ్చట ఇబ్బందిగా నుండెడిది. రాత్రివేళ అతడు న్యాయశాస్త్రము చదువుచుండెను. పుస్తకములు కొనుటకు స్తోమత లేదు. కనుక గ్రంథాలయములో కూర్చుండి పుటలకు పుటలు చేతితో ఎత్తి వ్రాసికొనెడివాడు. ఈ శ్రమ నుండియే నకలు తీయు సులభ మార్గమును వెదకవలెనను పట్టుదల అతనిలో పెరిగినది.

1938 అక్టోబరు 22న న్యూయార్కులోని ఆస్టోరియా అను ప్రాంతమున, ఒక అద్దె గదిలో, అతడు తన సహాయకుడు ఆటో కోర్నైతో కలసి మొదటి నకలును తీసినాడు. గంధకము పూసిన జింకు పలకను చేతి గుడ్డతో రుద్ది విద్యుదావేశము కలిగించినారు. ఆ నాటి తేదీని, ఊరి పేరును సిరాతో వ్రాసిన గాజు పలకను దానిపై ఉంచి కొన్ని క్షణములు దీపకాంతి పడనిచ్చినారు. వెలుగు తగిలిన చోట ఆవేశము పోయినది. అక్షరముల నీడలో మాత్రము నిలిచినది. పలకపై సన్నని పొడి చల్లి ఊదగా అక్షరముల ఆకారములో పొడి అంటుకొని కనిపించినది. మైనపు కాగితమును అద్ది వేడి చేయగా అక్షరములు కాగితముపై నిలిచినవి.

తరువాత వచ్చిన యంత్రములలో గంధకమునకు బదులు సెలీనియము పూసిన డ్రమ్మును వాడినారు. సెలీనియము చీకటిలో విద్యుద్బంధకము. వెలుగు సోకినంతనే వాహకమగును. చీకటిలో డ్రమ్మునకు ఆవేశమిచ్చి, పుస్తకపు పుట ప్రతిబింబమును దానిపై పడనిత్తురు. పుటలోని తెల్లని భాగముల నుండి వచ్చిన వెలుగు అచ్చటి ఆవేశమును తొలగించును. నల్లని అక్షరముల చోట ఆవేశము మిగులును. దువ్వెనను జుట్టుపై రుద్దినచో కాగితపు ముక్కలను ఆకర్షించునట్లు, ఆ ఆవేశము వ్యతిరేకావేశము గల నల్లని పొడిని లాగుకొనును. పొడి కాగితముపైకి చేరును. వేడికి కరగి అంటుకొనును. తడి రసాయనములు లేవు. అందుచేతనే గ్రీకు భాషలో "పొడి", "వ్రాత" అను అర్థములు గల మాటలను కలిపి జిరాగ్రఫీ అని పేరు పెట్టినారు.

పెక్కు కంపెనీలు ఈ కల్పనను త్రోసిపుచ్చినవి. ఓహైయోలోని బాటెల్ పరిశోధన సంస్థ, తరువాత హాలాయిడ్ అను చిన్న కంపెనీ దీనిని చేపట్టినవి. 1959లో జిరాక్స్ 914 అను యంత్రము వెలువడినది. 9 అంగుళముల వెడల్పు, 14 అంగుళముల పొడవు గల కాగితముపై నకలు తీయుట వలన దానికి ఆ సంఖ్య వచ్చినది. గ్రంథాలయములో చేతితో ఎత్తి వ్రాసికొనిన పేద విద్యార్థి యంత్రము గ్రంథాలయములలోనికే ప్రవేశించినది. ప్రచురణకర్తలు కలవరపడినారు.

అమెరికాలో తూనికలు, కొలతలు

వైద్య పత్రికలు ప్రకటించు విలియమ్స్ అండ్ విల్కిన్స్ అను సంస్థ అమెరికా ప్రభుత్వముపైననే దావా వేసినది. జాతీయ వైద్య గ్రంథాలయము, జాతీయ ఆరోగ్య సంస్థల గ్రంథాలయము పరిశోధకులకు వ్యాసముల నకళ్లు తీసి ఇచ్చుట దాని ఫిర్యాదు. 1973లో క్లెయిముల న్యాయస్థానము నలుగురు ఒకవైపు, ముగ్గురు మరొకవైపుగా చీలి ప్రభుత్వ పక్షమున తీర్పు చెప్పినది. 1975లో సుప్రీం కోర్టు న్యాయమూర్తులు నలుగురు, నలుగురుగా సమముగా చీలిపోయినారు. కనుక క్రింది తీర్పే నిలిచినది.

1976లో అమెరికా కాంగ్రెసు కొత్త చట్టములో న్యాయమైన వినియోగమునకు మొదటిసారిగా చోటు కల్పించినది. బోధనను, తరగతి కొరకు తీయు అనేక ప్రతులను అందులో ఉదాహరణగా పేర్కొన్నది. స్టోరీ చెప్పిన కొలతలు కొద్ది మార్పుతో నాలుగు అంశములైనవి: వినియోగము ఉద్దేశము, మూలరచన స్వభావము, తీసికొన్న భాగము పరిమాణము, మూలరచన విపణిపై దాని ప్రభావము.

"ఎంత?" అను ప్రశ్నకు మాత్రము చట్టములో అంకెలు లేవు. ఉపాధ్యాయులు, గ్రంథకర్తలు, ప్రచురణకర్తల ప్రతినిధులు కూర్చుండి కొన్ని సూచనలను అంగీకరించినారు. 2,500 మాటల కన్న తక్కువ గల వ్యాసమైనచో మొత్తముగా తీయవచ్చును. పెద్ద గ్రంథమైనచో 1,000 మాటలు లేక పదవవంతు, ఏది తక్కువైన అది. పద్యమైనచో 250 మాటల లోపు. అనుమతి కోరుటకు వ్యవధి లేని తక్షణ అవసరమై ఉండవలెను. ఇవి కనీసపు హద్దులనియే వానిలో వ్రాసియున్నది. కాని పెక్కు విద్యాసంస్థలు వానినే గరిష్ఠముగా పాటించినవి. నేలను చూపి కప్పు అనుకొన్నట్లయినది.

దృశ్య సాధనములు మరొక చిక్కు తెచ్చినవి. న్యూయార్కు రాష్ట్రమునందలి ఈరీ కౌంటీలో ఒక విద్యాసేవా సంస్థ టెలివిజనులో వచ్చిన విద్యాచిత్రములను టేపులపై ఎక్కించి నూరుకు పైగా పాఠశాలలకు అందించుచుండెను. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా విద్యాచిత్ర సంస్థ మొదలగువారు న్యాయస్థానమునకు పోయినారు. అవి పాఠశాలల కొరకే తీసిన చిత్రములు, అద్దెకు దొరకుచున్నవి, పాఠశాలలే నకలు తీసికొన్నచో వానిని తీయువాడే ఉండడు అని వారి వాదము. 1982లో న్యాయస్థానము దీనిని అంగీకరించినది.

పుస్తకముల అధ్యాయములను నకలు తీసి, కుట్టి, విద్యార్థులకు అమ్ము దుకాణముల విషయములో కూడ అమెరికా న్యాయస్థానములు ఇట్లే చూచినవి. 1991లో న్యూయార్కులో కింకోస్ అను సంస్థ ఓడినది. 1996లో మిషిగన్‌లోని ఒక నకలు దుకాణముపై వచ్చిన వ్యాజ్యములో పదమువ్వురు న్యాయమూర్తులలో ఎనమండుగురు ప్రచురణకర్తల పక్షము వహించినారు. విద్యార్థి స్వయముగా తీసికొన్న నకలు ఒకటి, వ్యాపారి లాభమునకై తీసినది మరొకటి అని వారి అభిప్రాయము.

అనువాదపు హక్కు

ఈ కాలముననే కొత్తగా స్వతంత్రమైన దేశములు మరొక ప్రశ్న లేవదీసినవి. శాస్త్రగ్రంథములు ఐరోపా, అమెరికాలలో అచ్చగుచున్నవి. వాని వెల ఇచ్చటి విద్యార్థికి అందదు. వాని భాష అందరికి రాదు. 1967లో స్టాక్‌హోమ్‌లోను, 1971లో పారిస్‌లోను జరిగిన అంతర్జాతీయ సమావేశములలో భారతదేశము ఈ వాదమును గట్టిగా వినిపించినది. దాని ఫలితముగా బోధన కొరకు అనువాదమునకు, పునర్ముద్రణకు నిర్బంధ లైసెన్సు ఇయ్యవచ్చునను ఏర్పాటు వచ్చినది. 1983లో మన చట్టములో దీనిని చేర్చినారు.

దీని ప్రకారము ఒక విదేశీ గ్రంథము వెలువడి మూడేండ్లు గడచినను అనువాదము రానిచో, తగిన ప్రతిఫలము చెల్లించి అనువదించుటకు అనుమతి కోరవచ్చును. అభివృద్ధి చెందిన దేశములలో సాధారణ వ్యవహారములో లేని భాషకు ఏడాది గడువు చాలును. తెలుగు వంటి భాషలకు ఈ చిన్న గడువు వర్తించును.

ఢిల్లీలో ఒక నకలు దుకాణము

1957 చట్టములోని అంకెలు లేని ఆ చిన్న వాక్యమునకు అర్థమేమో తేల్చవలసిన సమయము 55 ఏండ్లకు వచ్చినది. ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు చెందిన ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణములో రామేశ్వరి ఫోటోకాపీ సర్వీసెస్ అను చిన్న దుకాణము ఉన్నది. అధ్యాపకులు ఒక్కొక్క విషయమునకు చదువవలసిన పుస్తకములను, అధ్యాయములను పట్టికగా ఇచ్చెడివారు. విశ్వవిద్యాలయముతో కుదిరిన ఒప్పందము ప్రకారము ఆ దుకాణము ఆ అధ్యాయములను పుటకు కొన్ని పైసల చొప్పున నకలు తీసి, కట్టగా కుట్టి విద్యార్థులకు ఇచ్చెడిది.

2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయములు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థ ఆ దుకాణముపైన, విశ్వవిద్యాలయముపైన ఢిల్లీ హైకోర్టులో దావా వేసినవి. అక్టోబరులో న్యాయస్థానము తాత్కాలికముగా నకళ్లను ఆపించినది. విద్యార్థులు, అధ్యాపకులు సంఘములుగా ఏర్పడి తామును వాదింతుమని ముందుకు వచ్చినారు. ఆ ప్రచురణకర్తలకు పుస్తకములు వ్రాసి ఇచ్చిన పండితులే పెక్కుమంది ఈ దావాను మెచ్చలేదు. ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయమునకు గ్రంథములు వ్రాసిన అమర్త్య సేన్ దీనిని కొనసాగింపవద్దని లేఖ వ్రాసినాడు.

ప్రచురణకర్తల వాదములో బలము లేకపోలేదు. చట్టము "ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని" అన్నది. దుకాణము ఈ ఇద్దరిలో ఎవరును కాదు. "బోధనా క్రమము" అనగా తరగతిలో పాఠము జరుగు వేళ. సంవత్సరారంభమున కట్ట కుట్టి అమ్ముట దానిలోనికి రాదు. లైసెన్సు తీసికొని రుసుము చెల్లించు మార్గము ఉన్నది. పుస్తకమునకు ప్రతిఫలము రానిచో రేపు పుస్తకము వ్రాయించువాడు ఎవ్వడు?

2016 సెప్టెంబరు 16న న్యాయమూర్తి రాజీవ్ సహాయ్ ఎండ్లా దావాను కొట్టివేసినాడు. పాఠ్యప్రణాళిక సిద్ధము చేయుట మొదలుకొని తరగతికి ముందు, తరువాత జరుగు పనియు బోధనా క్రమములోనిదే అని ఆయన నిర్ణయించినాడు. ఒకనాడు విద్యార్థి గ్రంథాలయములో కూర్చుండి చేతితో ఎత్తి వ్రాసికొనెడివాడు. తరువాత ఫోటోకాపీ యంత్రము వచ్చినది. నేడు చేతిలోని ఫోనుతో పుటను చిత్రము తీయుచున్నాడు. చేతితో చేసినప్పుడు నేరము కాని పని, సాధనము మారినంతనే నేరము కాజాలదు అని ఆయన తర్కము. ఆస్టోరియా గదిలోని కార్ల్‌సన్ కథ ఎరిగినవారికి ఈ మాటలు పరిచితములుగా తోచును.

ప్రచురణకర్తలు అప్పీలు చేసినారు. 2016 డిసెంబరు 9న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము ప్రధానాంశములలో అదే అభిప్రాయము ప్రకటించినది. ఏకవచనము బహువచనమును కూడ సూచించును. కనుక ఒక ఉపాధ్యాయుడు, ఒక విద్యార్థి అని సంకుచితముగా చూడరాదు. నకలును తీసిన చేయి ఎవరిదన్నది ముఖ్యము కాదు. పరిమాణమునకు ప్రత్యేకమైన హద్దు లేదు. బోధనకు ఎంత అవసరమో అంతయే హద్దు. ఒక్కొక్క విషయమునకు పట్టికలోని పదుల కొలది పుస్తకములను విద్యార్థి కొనునని ఎవ్వరును తలపరు. నకలు లేనిచో అతడు గ్రంథాలయమునకే పోవును. విద్య పెరిగినచో కాలక్రమమున పుస్తకములు కొనువారును పెరుగుదురు.

అయితే ధర్మాసనము తలుపు పూర్తిగా తెరచివేయలేదు. ఆ కట్టలలో చేర్చిన భాగములు నిజముగా బోధనకు అవసరమైనవేనా అను సంగతిని సాక్ష్యము తీసికొని తేల్చవలెనని విచారణకు పంపినది. ఆ విచారణ సాగలేదు. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావాను ఉపసంహరించుకొన్నారు. ఆ సంవత్సరము మే నెలలో సుప్రీం కోర్టు ఒక సంఘము చేసిన అప్పీలును స్వీకరింపలేదు.

ఒకే తీరు దుకాణములపై అమెరికాలో ఒక విధముగా, భారతదేశములో మరొక విధముగా తీర్పు వచ్చుటకు కారణము చట్టముల నిర్మాణములోనే ఉన్నది. అమెరికా న్యాయమూర్తి నాలుగు అంశములను త్రాసులో వేసి తూచును. విపణి ఆ త్రాసులో ఒక పళ్లెము. మన పార్లమెంటు బోధనను విడిగా పేర్కొని ముందుగనే మినహాయించినది. ఇచ్చట న్యాయమూర్తి అడుగు ప్రశ్న ఒక్కటి: ఇది బోధన కొరకేనా?

ఉపాధ్యాయునికి మిగిలిన బాధ్యత

2012లో సవరించిన చట్టము ప్రకారము ఈ మినహాయింపు సాహిత్యమునకే కాక అన్ని విధములైన రచనలకు వర్తించుచున్నది. కనుక పటము, పేరా, ఛాయాచిత్రము, పాఠమునకు అవసరమైన అధ్యాయము, వీనిని తరగతి కొరకు నకలు తీయవచ్చును. విద్యాసంస్థ కార్యక్రమములలో భాగముగా చలనచిత్రమును, ధ్వనిముద్రణను వినియోగింపవచ్చును. అయితే ప్రేక్షకులు అచ్చటి ఉపాధ్యాయులు, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, సంరక్షకులు, సంస్థతో సంబంధము గలవారు మాత్రమే కావలెను. టిక్కెట్టు పెట్టి ఊరి వారినందరిని పిలిచినచో అది పాఠము కాదు, ప్రదర్శన యగును.

అదే విధముగా తరగతిలో పంచిన పాఠమును అంతర్జాలములో ఎల్లరకు తెరచి ఉంచుట వేరు సంగతి. 2020లో మహమ్మారి వలన బడులు మూతపడి పాఠములు తెరలపైకి పోయినప్పుడు పెక్కు ఉపాధ్యాయులకు ఈ భేదము అనుభవములోనికి వచ్చినది. నకలు తీయు హక్కు ఒకటి, రచనను ప్రజలకు అందజేయు హక్కు మరొకటి. రెండవదానికి తరగతి గోడలు అడ్డము లేవు. కనుక పాఠమును తన విద్యార్థుల వరకే పంపుట సురక్షితమైన పద్ధతి.

గడువు తీరిన రచనలకు ఈ జాగ్రత్తలు అక్కరలేదు. గ్రంథకర్త మరణానంతరము 50 ఏండ్లుగా ఉన్న గడువును 1992లో 60 ఏండ్లు చేసినారు. 1941లో మరణించిన రవీంద్రుని రచనల గడువు తీరుచున్న సమయముననే ఈ మార్పు జరిగినది. అది 2001తో ముగిసినది. 1915లో కీర్తిశేషుడైన గురజాడ అప్పారావు తన జీవితకాలమున ప్రకటించిన రచనలు ఏనాడో అందరి సొత్తయినవి.

మిగిలినవాని విషయములో చట్టము ఉపాధ్యాయునికి విస్తారమైన స్వేచ్ఛనిచ్చి, దాని హద్దును అతని మనస్సుకే విడిచినది. పాఠమునకు ఒక అధ్యాయము కావలసియుండగా పుస్తకమంతయు తీయుట, ఆ తరగతి కొరకే ఒక తోటి ఉపాధ్యాయుడు శ్రమించి వ్రాసిన అభ్యాస పుస్తకమును కొనక నకళ్లతో సరిపెట్టుట, "బోధన కొరకేనా?" అను ప్రశ్నకు నిలువవు. ప్రీవీ కౌన్సిలు టిప్పణములను కాపాడినది అట్టివాని శ్రమను చూచియే. బోధన కొరకు తీసినప్పుడు కూడ నకలు అడుగున గ్రంథము పేరు, గ్రంథకర్త పేరు వ్రాయుట మంచి అలవాటు. ఆ కాగితమును అందుకొన్న విద్యార్థులలో ఏ ఒక్కడైనను ఆ పేరు పట్టుకొని గ్రంథాలయమునకు పోయి అసలు పుస్తకమును అడుగవచ్చును.